గడప మీద సగం మాట

నీలాద్రి కొండ మొదటి ద్వారం అంటే మన ఇళ్ళ తలుపుల్లాంటిది కాదు. తాడిచెట్టంత ఎత్తు. రెండు రెక్కలకీ ఇత్తడి రేకులు తాపడం చేసి, రేకుల మీద వెయ్యి తామరలు చెక్కి, తామర తామరకీ నడుమ ఒక కెంపు పొదిగారు. గడప తెల్లటి చలువరాయి. పైనుంచి వేలాడే చిరుగంటలు గాలి లేకపోయినా సన్నగా మోగుతూనే ఉంటాయి. రెండు రెక్కలూ కలిసే చోట బండిచక్రమంత ఇత్తడి ముఖం ఒకటుంది. కళ్ళు మూసుకుని, మీసాలు గడియ మీదికి వాల్చి, ఆ ముఖం హాయిగా గురక పెడుతోంది.

దాని ముందు ముగ్గురు మనుషులూ నాలుగు గాడిదలూ నిలబడి ఉన్నారు.

నిలబడి అన్నాను గానీ ముగ్గురిలో ఒకడు పడుకుని ఉన్నాడు. అతను మణికూట రాజ్యానికి యువరాజు, శరభకేతుడు. ఆ ఉదయం వేటలో ఉండగా ఒక డేగ నెత్తిమీదుగా ఎగిరి అతని పాదాల మీద గుప్పెడు బూడిద రాల్చింది. ఆ డేగ రూపంలో వచ్చినవాడు మణికూటానికి పాత పగవాడు, మాంత్రికుడు జంబుకాక్షుడు. బూడిద పడిన చోటల్లా పాదం నల్లరాయి అయింది. ఆపైన పిక్కలు, మోకాళ్ళు, ఇప్పుడు తొడలు. పొద్దు గుంకేసరికి రాయి తల దాకా వస్తుంది, ఇక చెప్పేదేముంది. దానికి విరుగుడు ఒక్కటే. ఈ కొండ కడుపులో మూడు తలుపుల అవతల అమృతపు చెలమ ఒకటి ఊరుతోంది. ఆ నీళ్ళు పుడిసెడు తాగిస్తే రాయి కరిగి మళ్ళీ మనిషవుతాడు.

రెండోవాడు చిత్రభానుడు. ఆస్థానంలో కావ్యాలు చదివి వినిపించే పని అతనిది. యువరాజూ అతనూ ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్న స్నేహితులు.

మూడోది పోలి. ఉప్పు అమ్ముకునే మనిషి. వెంట వచ్చిన పన్నెండుమంది భటుల్ని వేగవతి ఏట్లో మొసళ్ళు లాక్కుపోయి, గుర్రం రాతి బరువు మోయలేక కూలబడ్డ చోట ఆమె ఎదురైంది. ఉప్పు బస్తాలు అక్కడికక్కడే దించేసి, గాడిదల నడుమ డోలీ కట్టి, "పద దొరా, మా గాడిదలు నీకన్నా బరువైనవే మోశాయి" అంది.

ఆ పూట నుంచీ చిత్రభానుడి కడుపు మండుతూనే ఉంది.

ఎందుకు మండదు మరి! ఈ మూడు తలుపులూ కట్టించిన నీలకేతు మహారాజు స్వయంగా కవి. ద్వారమంజరి అని ఒక కావ్యం రాశాడు. తలుపు ఒక పాదం చెబుతుంది, వచ్చినవాడు రెండో పాదం చెప్పాలి. చెబితే తన మనిషని నమ్మి తలుపు తెరుచుకుంటుంది, అదీ ఏర్పాటు. ఆ తాళపత్రాలు పదిహేనేళ్ళ కిందట రాజుగారి భోషాణంలోంచి మాయమయ్యాయి. ఇప్పుడా కావ్యం అక్షరం పొల్లుపోకుండా నోటికి వచ్చినవాడు తానొక్కడే అని చిత్రభానుడి నమ్మకం. దానికోసం పాత వ్యాఖ్యానాల్లోంచి పాదం పాదం ఏరుకుంటూ పన్నెండేళ్ళు దీపపు మసి మింగాడు.

అయితే జనం ఊరుకున్నారా. మూడువందల ఏళ్ళ నుంచీ ఆ కావ్యాన్ని ముక్కలు ముక్కలు చేసి నోళ్ళలో నమిలి పారేశారు. మణికూటంలో ఈనాటికీ ఎవరింటి తలుపు తట్టినా లోపలివాళ్ళు సగం సామెత అంటారు, బయటివాళ్ళు మిగతా సగం అంటేనే గడియ తీస్తారు. ఆ సామెతలన్నీ ద్వారమంజరి ముక్కలే. యుద్ధాల గురించి రాసినవి వంటింట్లోకి దిగాయి, ఏనుగుల గురించి రాసినవి గాడిదలకి అంటుకున్నాయి. అనేవాళ్ళలో ఒక్కడికీ నీలకేతుడి పేరు తెలియదు. చేపలమ్మే మనిషి బేరం కుదరక మహారాజు పద్యాన్ని విరిచి తిట్టడం విన్నరోజు చిత్రభానుడు అన్నం ముట్టలేదు.

ఇప్పుడా బాపతు మనిషే పక్కన నడుస్తోంది. దారి పొడుగునా నోరు మూయలేదు. ఆమె నోటెంట సామెత రావడం, డోలీలో యువరాజు నవ్వడం. నొప్పి మరిపిద్దామని చిత్రభానుడు ద్వారమంజరి రెండో ఆశ్వాసం మొత్తం రాగం తీసి వినిపిస్తే, అదే యువరాజు చక్కగా కునుకు తీశాడు.

"ఇక చూడు" అనుకున్నాడు చిత్రభానుడు గడప ముందు ఉత్తరీయం సర్దుకుంటూ. "ఇక్కడ ఉప్పు బేరాలు సాగవు. ఇది కావ్యం అడిగే తలుపు."

మూడుసార్లు తట్టాడు. ఇత్తడి ముఖం కళ్ళు తెరిచి, ముగ్గురినీ ఎగాదిగా చూసి గంభీరంగా పలికింది:

"పగవాడు వచ్చిన వాకిలి మూయు..."

చిత్రభానుడు గొంతు సవరించుకుని, ఎక్కడ విరవాలో అక్కడ విరిచి, ఎక్కడ లాగాలో అక్కడ లాగి అందుకున్నాడు:

"తగువాడు వచ్చిన తలుపులు తీయు."

అంతే. ఇత్తడి రేకుల్లోంచి చెయ్యి ఒకటి సర్రున సాగి వచ్చింది. అతని జుట్టుముడి పట్టుకుని నిలువుగా గాల్లోకి ఎత్తింది. మెడ నరాలు పటపటలాడాయి.

"జంబుకాక్షుడా, మళ్ళీ వచ్చావా" అంది ముఖం పళ్ళు నూరుతూ. "పదిహేనేళ్ళ కిందట ఇలాగే వచ్చావు. దొంగిలించిన పుస్తకం చూసి అక్షరం తప్పకుండా చదివావు. నిజమని నమ్మి మేం ముగ్గురన్నదమ్ములం నిన్ను చెలమ దాకా పోనిచ్చాం. ఇంకోసారి మోసపోతామా?"

"నేను మాంత్రికుణ్ణి కాను... ఆస్థాన..." అంటున్నాడు చిత్రభానుడు. గొంతు పెగిలితేగా.

అప్పుడు పోలి కొంగు నడుముకి దోపుకుని గడప దగ్గరికి వచ్చింది.

"అయ్యా తలుపయ్యా, ఆయన్ని కాస్త దించు. పుస్తకాల మనిషి, ఎండకి తిరిగినోడు కాదు. నువ్వన్నది మా ఇళ్ళల్లో అనేదేనా? మీ మాట పెద్దది, నాకు తిరగదు. మేమైతే ఇట్టా అంటాం. పిల్లి వస్తే ఉట్టి ఎత్తు, పిల్లోడొస్తే ఉట్టి దించు."

ఇత్తడి ముఖం గబుక్కున నవ్వింది. వెయ్యి తామరలూ గలగలమన్నాయి.

"ఇదీ మాట. పుస్తకాన్ని ఎత్తుకుపోవచ్చు గానీ మణికూటం ఆడవాళ్ళ వంటింటిని ఎవడు ఎత్తుకుపోగలడు. నీలకేతుడు నా చెవిలో పోసినప్పుడు అది కోట గురించి. కొండ కింద బాటన పోయేవాళ్ళ నోట వినీ వినీ ఉట్టి గురించి అయిపోయింది. రండి, లోపలికి రండి."

చెయ్యి చిత్రభానుణ్ణి బస్తాలా కిందపడేసి వెనక్కి పోయింది. తలుపులు తెరుచుకున్నాయి.

"భలే పోలీ" అన్నాడు యువరాజు డోలీలోంచి. "చిత్రభానూ, దెబ్బ తగిలిందా?"

ముందు పోలి, తర్వాత తాను. చిత్రభానుడు ఆ వరస గమనించాడు. మెడ నొప్పి గమనించలేదు. ప్రాణం కాపాడింది గదా అని కృతజ్ఞత ఉండాలి నిజానికి. ఉంటే ఒట్టు. ఇత్తడి చేతిలోనే చచ్చిపోయినా బాగుండేదని అతని బాధ.

లోపల దారి రెండు బండల నడుమ సన్నగా దిగింది. పైన ఎక్కడో చిల్లుల్లోంచి వెలుగు పడుతోంది. గోడల మీద రకరకాల నాచు, పచ్చది, ఊదాది, వెండిలా మెరిసేది. ముట్టుకుంటే చాలు పువ్వులా విచ్చుకుని గంధం వాసన చిమ్ముతోంది. ఆ వాసనకి మత్తెక్కి యువరాజు కళ్ళు మూసుకున్నాడు. అదే అదనుగా పైకప్పు నుంచి ఒక రెండు తలల బల్లి, దూలమంత పొడుగుది, ధబాలున డోలీ మీదికి దూకింది.

పోలి ముందు గాడిదని లాగుతోంది, వెనక్కి తిరిగే చోటు లేదు. చిత్రభానుడు యువరాజు ఒరలోంచి కత్తి లాగి ఒక్క వేటుకి ఒక తల ఎగరగొట్టాడు. రెండో తల అతని భుజం పట్టుకుంది. పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే బండకేసి బాది, కత్తి పిడితో నలగ్గొట్టాడు. నెత్తురోడుతున్న భుజంతో గర్వంగా డోలీ వైపు చూశాడు.

యువరాజు అప్పుడే కళ్ళు తెరిచాడు. దారిన పడ్డ బల్లి కళేబరాన్ని చూశాడు, బెదరకుండా నిలబడ్డ గాడిదల్ని చూశాడు.

"పోలీ, నీ గాడిదలు రాజుగారి గుర్రాలకన్నా నయం" అన్నాడు.

చిత్రభానుడు కత్తి తుడిచి ఒరలో పెట్టాడు. ఏమంటాడు, ఏమన్నా ఏడుపే అనుకుంటారు. అది ఏడుపే కూడా.

రెండో ద్వారం వెండిది. దాని ముఖం సన్నగా, ముసలిగా, చిరాగ్గా ఉంది. అప్పటికి రాయి యువరాజు నడుము దాటింది. గాడిదలు నురగలు కక్కుతున్నాయి.

"అయ్యవారూ, నేను చెప్పనా, మీరు చెబుతారా?" అని మర్యాదగానే అడిగింది పోలి.

"చెప్పు, చెప్పు. నీ రాజ్యమేగా" అన్నాడు చిత్రభానుడు.

వెండి ముఖం పలికింది: "కరినెక్కి పోయిన కాలిని తలచు..."

దీని రెండో పాదం చిత్రభానుడికి ప్రాణం. సిరినెక్కి కూర్చున్న చెలిమిని తలచు. ఏనుగెక్కినా నడిచిన కాలిని మరవకు, సింహాసనం ఎక్కినా స్నేహితుణ్ణి మరవకు. చిన్నప్పుడు యువరాజూ తానూ చేతిలో చెయ్యి వేసుకుని చెప్పుకున్న మాట అది. ఇది దేనిగా మారి వస్తుందో అని గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాడు.

పోలి గడప దగ్గరికి జరిగింది. "కరి అంటే ఏనుగు గదా. ఏనుగులు మాకెక్కడివి. మేం ఇట్టా అంటాం. గాడిద దొరికిందని కాళ్ళని తిట్టకు, కూడు దొరికిందని..."

"చెలిమిని" అని అరిచాడు చిత్రభానుడు. "చెలిమి అని ఉండాలి అక్కడ. కూడేమిటి నీ మొహం!"

"...గంజిని తిట్టకు" అని ముగించింది పోలి. ముగించాక గానీ ఏం జరిగిందో ఆమెకి తెలియలేదు. తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మణికూటంలో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. గడప మీద ఒకళ్ళు మాట పూర్తి చేస్తుంటే ఇంకొకళ్ళు తుంచకూడదు. తుంచిన మాట ఆ గడపది అయిపోతుంది. పిల్లలు తుంచితే తల్లులు మూతి మీద కొడతారు. పన్నెండేళ్ళు తలుపులు బిగించుకుని చదివిన చిత్రభానుడికి ఎవరి గడప ఎక్కే పనీ పడలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏం లాభం.

"మాట పూర్తయింది కాబట్టి తలుపు తీస్తాను" అంది వెండి ముఖం. "నడుమ తెగింది కాబట్టి ఆమె గొంతు నా దగ్గర ఉంటుంది. తిరిగి వెళ్ళేటప్పుడు గడప మీద ఒక్కసారి ఇస్తాను, తెగకుండా చెప్పి తీసుకుపొమ్మను."

తలుపు తెరుచుకుంది. పోలి నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు.

అప్పుడు చిత్రభానుడికి సంతోషం కలిగింది. దాచడం దేనికి, కలిగింది. ఇక మాట్లాడాలంటే తానొక్కడే. నవ్వించాలన్నా తానే, తలుపు తీయించాలన్నా తానే. రెప్పపాటు కాలం ఆ సంతోషం పాయసంలా ఉంది. ఆ తర్వాత యువరాజు వైపు చూశాడు. తిడతాడేమో అనుకున్నాడు. యువరాజు తన రొమ్ము మీదికి ఎక్కుతున్న రాతిని చూసుకుని కళ్ళు మూసుకున్నాడు. పోలి కళ్ళు తుడుచుకుని గాడిదని ముందుకి లాగింది. ఆ పాయసం కాస్తా విరిగిపోయింది.

మూడో ద్వారం దగ్గరికి ఎలా చేరారో చెప్పాలంటే పూట పడుతుంది. కాళ్ళ కింద బండలు ఒకదాని తర్వాత ఒకటి ఊడి అగాధంలోకి పడుతుంటే, ఊడే బండకీ ఊడిన బండకీ మధ్య పరిగెత్తారు. ఆఖరి బండతోపాటు ఆఖరి గాడిద వెనక కాళ్ళు జారితే, పోలి చెవులు పట్టుకుంది, చిత్రభానుడు పోలి నడుము పట్టుకున్నాడు. గాడిదా వాళ్ళిద్దరూ కలిసి ఒక కుప్పగా పడ్డారు. లేచి చూస్తే ఎదురుగా బంగారు తలుపు. దాని ముఖం పసివాడి ముఖం. అన్నదమ్ముల్లో కడగొట్టువాడు.

చిల్లులోంచి పడే ఎండ ఎర్రబడింది. యువరాజు మెడ దాకా రాయి. ఒంటి మీద స్పృహ లేదు.

పసి ముఖం కిలకిలా నవ్వుతూ చెప్పింది: "పొరుగింటి దీపంబు పొడగాంచి మురియు..."

మరుగైన చీకటి మనసులో తొలగు. పక్కింటి దీపం చూసి సంతోషిస్తే నీ మనసులో చీకటి పోతుందని. పాదం నాలుక చివరికి వచ్చేసింది. చిత్రభానుడు పళ్ళ మధ్య నాలుకని కొరికి ఆపాడు. అది చెబితే ఏమవుతుందో మొదటి తలుపు దగ్గర మెడ చెప్పింది.

పోలి వైపు తిరిగాడు. ఆమెకి తెలుసు. ఆమె కళ్ళు మెరవడం చూస్తేనే తెలుస్తోంది. అరచెయ్యి దోసిలిలా పట్టి వేలిని వత్తిలా నిలబెట్టి చూపించింది.

"దీపం" అన్నాడు. ఆమె తల ఊపింది. చేత్తో గాల్లో అడ్డంగా గీసింది, తట్టింది, మళ్ళీ గీసింది.

"మంచమా? కట్టా? గట్టా?"

పోలి నెత్తి కొట్టుకుంది. మళ్ళీ తట్టింది. తన కళ్ళు చూపించింది, ఆ గీసినదాన్ని చూపించింది. ఏడుపు మొహం పెట్టి, వెంటనే నవ్వు మొహం పెట్టింది. చిత్రభానుడు పన్నెండేళ్ళలో నేర్చిన నిఘంటువులన్నీ తిరగేశాడు. ఒక్కటీ పనికిరాలేదు. ప్రతి ఇంటి ఆడదానికీ తెలిసిన ఆ ముక్క అతనికి తెలియదు. ఎవరింటి గడపా తొక్కలేదు, ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. వేసుకున్నా ఛీ అని దులిపేసుకున్నాడు.

"త్వరగా" అంది పసి ముఖం. "ఎండ పోతోంది."

రాయి యువరాజు గడ్డం అంటుకుంది.

"నాకు తెలియదు" అన్నాడు చిత్రభానుడు.  ఎత్తుగడలు లేవు, రాగం లేదు, వాళ్ళ అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "పుస్తకంలో ఉన్నది తెలుసు, అది చెబితే చంపుతావు. జనం అనేది నేనెప్పుడూ వినలేదు. ఈ పోలిని చూసి ఏడ్చాను. పొద్దున్నుంచీ ఏడుస్తూనే ఉన్నాను. పొరుగింట్లో దీపం పెడితే నా కళ్ళు మండాయి. ఊది ఆర్పుదామని పోయి నా ఇల్లే చీకటి చేసుకున్నాను. నాకు వచ్చిన మాట ఇదొక్కటే. దీనికి తీస్తే తియ్యి, లేకపోతే నన్ను చంపి వాణ్ణి బతికించు."

పసి ముఖం నవ్వు ఆపింది. పెదవులు కదిలిస్తూ ఆ మాటని తనలో తాను రెండుసార్లు అనుకుంది.

"పొరుగింట్లో దీపం పెడితే కళ్ళు మండాయి. ఊదబోతే నా ఇల్లే చీకటైంది" అంది. "మూడువందల ఏళ్ళుగా వింటున్నాను, ఇది నా చెవిన పడలేదు. మా నీలకేతు తాత రాసింది దీన్ని కాదు. కానీ రాసినదానికి పుట్టిన పిల్లే, ముక్కూ మొహమూ తెలుస్తూనే ఉన్నాయి. జంబుకాక్షుడు ఎంత చదివినా ఇలా అనలేడు."

బంగారు తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

అవతల స్ఫటికపు మండపం. నూటెనిమిది స్తంభాలు. ఒక్కో స్తంభంలో ఒక్కో రంగు పొద్దు వెలుగు పడి, నేలంతా నెమలి పింఛం పరిచినట్టుంది. నడుమ చెలమ. పుడిసెడు చెలమే. నీళ్ళు పాలనురుగులా పొంగుతూ మళ్ళీ తమలోకే ఇంకుతున్నాయి. చెలమ గట్టు మీద నక్క కళ్ళ మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. ఒడిలో తాళపత్రాల కట్ట. చిత్రభానుడు ఆ కట్టని చూడగానే గుర్తుపట్టాడు, రాజుగారి భోషాణంలోంచి పోయిన ద్వారమంజరి.

జంబుకాక్షుడు నెమ్మదిగా లేచాడు. పక్కనున్న ఎముకల దండం చేతిలోకి వచ్చింది.

"ఈ తలుపు తెరిచినదెవరు?" అన్నాడు. "నాకే తెరవనని ఒట్టు పెట్టుకున్న తలుపు ఇది. పదిహేనేళ్ళుగా డేగనై పైచిల్లులోంచి తిరుగుతున్నాను. ఆ మాట తెలిసిన నాలుక బతికి ఉండగా ఎవరైనా లోపలికి రావచ్చు, ఈ చెలమ నా ఒక్కడిదీ కాదు."

తలుపు గాలికో, చెలమ చలువకో, డోలీలో శరభకేతుడి రెప్పలు విడాయి. రాయి కింది పెదవి దగ్గరికి వచ్చింది. మిగిలిన నోటితో అతను నవ్వాడు.

"పోలీ" అన్నాడు. "గొంతు తిరిగొచ్చి మూడోదీ నువ్వే తెరిచావన్నమాట. నీ మాట నీదే."

జంబుకాక్షుడి దండం కొన పోలి వైపు తిరిగింది. గొంతు లేని పోలి గాడిద మెడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చిత్రభానుడి కడుపులో భగ్గుమంది. పొద్దున్నుంచీ మండినదంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. పన్నెండేళ్ళలో తనదని చెప్పుకోదగ్గ మాట ఒక్కటి పుట్టింది. పుట్టి పట్టుమని పది ఊపిర్లు కాలేదు, అప్పుడే దాన్ని ఉప్పమ్మే మనిషి ఖాతాలో వేసేశారు. ఊరుకుంటే తను బతుకుతాడు. మాంత్రికుడి చూపు అతని మీద లేదు, చెలమ మూడడుగుల దూరంలో ఉంది.

అతను పోలిని పక్కకి, చెలమ వైపు నెట్టి దండానికి ఎదురుగా నిలబడ్డాడు. అది దయో, ధైర్యమో అతనికే తెలియదు. ప్రాణం పోతే పోనీ, ఆ మాట మాత్రం వేరొకరి పేరున పోనివ్వలేకపోయాడు.

"తెరిచింది నేను" అన్నాడు. "ఆ మాట నాది."

ఎముకల దండం అతని గుండెకేసి తిరిగింది. ఈ లోపు పోలి చడీచప్పుడూ లేకుండా వంగి చెలమలో దోసిలి ముంచింది.